రంగునీళ్ల చదువు

నేను వైన్ గురించి చదువుకున్నానంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు కూడా ముందు నవ్వి, తర్వాత గొంతు తగ్గించి, "అంటే వైన్స్‌లనా?" అని అడుగుతారు. మా వైపు వైన్స్ అంటే ఇనుప ఊచల వెనక నిలబడి సీసాలు అందించే దుకాణం. ఆ ఊచల వెనక నన్ను ఊహించుకుని అయ్యో పాపం అనుకుంటారు. వాళ్లకు వివరించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. అవును, వైన్స్‌లోనే, కావాలంటే మీకో సీసా పక్కన పెట్టిస్తాను అనేసి నా పని చూసుకుంటాను.

మాది జనగామ దగ్గర ఒక ఊరు. కల్లు గీసే ఇల్లు. బాపు పొద్దున్నే చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాళ్ల వనానికి పోయేవాడు, అమ్మ కల్లు అమ్మే మండువాలో కూర్చుని వచ్చినవాళ్లకు పోసేది. నేను ఇంటర్ పాసైన ఏడాదే మా అన్న తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు పోయాయి. పోట్లాట లేదు, ఏడుపు లేదు, మాటలే లేవు. బాపు వాకిట్లో, అమ్మ పొయ్యి దగ్గర, నేను గడప మీద కూర్చుని అన్నం తినేవాళ్లం. ఎవరి కంచం చప్పుడు వాళ్లకు వినిపించేది. ఆ ఇంట్లో ఇంకొన్నాళ్లుంటే నేనూ గోడలాగే అయిపోతానని భయమేసింది.

బయటపడాలని గట్టిగా ఉండేది. అయితే అందరిలా నర్సు ట్రైనింగ్, టీచర్ ట్రైనింగ్ అంటే మనసు పోలేదు. చిత్రమేమిటంటే, మా అన్నను తీసుకుపోయిన ఆ చెట్టు మీద నాకు కోపం ఉండేది గానీ దాని కల్లు మీద లేదు. లొట్టి కుండలో పొద్దటి తీపి మధ్యాహ్నానికి పులుపెక్కడం, ఆ నురగ, ఆ వాసన, ఇవే నా చిన్నతనం. ఏ లొట్టి ఏ పొద్దుదో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. అది మా ఊళ్లో గొప్ప విద్యేమీ కాదు, గౌండ్ల ఇళ్లల్లో పిల్లలందరికీ వచ్చు. అది ఒక ఉద్యోగం అవుతుందని మాత్రం ఎవరికీ తెలియదు.

మా పెద్దమ్మ వాళ్లు మహబూబాబాద్‌లో ఉండేవాళ్లు. మేం మానుకోట అంటాం. వాళ్లింటికి పోయినప్పుడు ఎరువుల దుకాణం పైన ఒక బోర్డు చూశాను. హోటల్ పనుల్లో శిక్షణ అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో వంట, వడ్డన, గదుల నిర్వహణ, చిట్టచివర వైన్ అని ఉంది. మెట్లెక్కి పైకి పోయి, ఆ చివరిది నేర్పుతారా అని అడిగాను. అక్కడ కూర్చున్న ఒకావిడ నన్ను పై నుంచి కింది దాకా చూసి, "నేర్పుతానమ్మా, ఇంతవరకూ దాన్ని అడిగినవాళ్లే లేరు" అన్నారు.

ఆవిడే మా మేడమ్. గోదావరి వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. ఆ తరగతి గది వెనకే ఉన్న చిన్న గదిలో ఒక్కరే ఉండేవారు. ఎందుకు ఒక్కరే అని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో నేర్చుకున్న మౌనం నాకు అక్కడ బాగానే పనికొచ్చింది.

మొదట్లో తరగతిలో చాలామందిమి ఉండేవాళ్లం. ఘనపూర్ నుంచి ఒకమ్మాయి, దంతాలపల్లి నుంచి ఇద్దరు అబ్బాయిలు, చుట్టుపక్కల తండాల పిల్లలు. వాళ్లంతా వంటా వడ్డనా నేర్చుకోవడానికి వచ్చారు. వైన్ పాఠం వస్తే అబ్బాయిలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్లు. అయితే ఆ గదిలో వైన్ చుక్క లేదు. సంస్థ యజమాని ఎరువుల వ్యాపారి. పైన సీసాలు పెడితే తన పరువు పోతుందన్నాడు. ఎరువుల బస్తాల మీద ఉన్న పరువేమిటో నాకు అర్థం కాలేదు.

కాబట్టి మాది రంగునీళ్ల చదువు. ఎర్ర వైన్ అంటే చల్లారిన టీ డికాక్షన్‌లో బీట్‌రూట్ రసం. తెల్లది అంటే నిమ్మకాయ పిండి, పసుపు చిటికెడు వేసిన నీళ్లు. గులాబీ రంగుది కావాలంటే రోజా షర్బత్‌లో మూడొంతులు నీళ్లు. సీసా మూతి బిరడా తీయడం నేర్చుకోవాలి కదా, మేడమ్ దగ్గర ఉన్న ఒకే ఒక్క అసలు బిరడా పిల్లల చేతుల్లో పొడి పొడి అయిపోయింది. అప్పుడు నేనే ఊరి నుంచి గింజలు ఒలిచిన మక్క బెండ్లు సంచి నిండా తెచ్చాను. వాటిని చెక్కి సీసా మూతిలో బిగించి, మరమేకు తిప్పి లాగడం నేర్చుకున్నాం. బెండు సగంలో విరిగితే మేడమ్ తల కొట్టుకునేవారు.

వాసన పాఠం అన్నిటికన్నా బాగుండేది. స్టీలు గ్లాసుల్లో ఏవేవో వేసి గుడ్డ కట్టేవారు. మిరియాలు, ఎండు ద్రాక్ష, బెల్లం, మామిడి తొక్క, పొగాకు, తడిపిన మట్టి, ఒకరోజు చెప్పు ముక్క కూడా. గుడ్డ విప్పకుండా అదేమిటో చెప్పాలి. చెప్పడమే కాదు, దానికి ఇంకేదానితో పోలికుందో చెప్పాలి. వగరు అంటే ఏమిటో నాలుకకు తెలియాలని నేరేడు గింజ కొరికించారు. ఆ రోజంతా నా నాలుక చెక్కలా ఉంది.

గ్లాసు పట్టుకోవడం, తెల్ల కాగితం మీద వంచి రంగు చూడటం, తిప్పడం, ముక్కు పెట్టి పీల్చడం, ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పడం. చివరికి ఉమ్మడం. ఉమ్మడం అన్నిటికన్నా ముఖ్యం అనేవారు మేడమ్. రోజుకు అన్ని రకాలు చూసేవాళ్లు మింగుతూ పోతే పొద్దు తిరిగేసరికి మనుషుల్లో మిగలరు. స్నానాల గదిలోని నీలం బకెట్టు మధ్యలో పెట్టి, దూరం నుంచి ధార తప్పకుండా ఉమ్మించేవారు. ఆ విద్యలో నేనే అందరికంటే ముందున్నాను. డికాక్షన్ ఉమ్మడానికి నాకు ఏ బాధా ఉండేది కాదు.

ఒకసారి నల్లబల్ల మీద ఈ పనికి ఉన్న దారులన్నీ గీసి చూపించారు. ద్రాక్షతోటలో తీగలు కత్తిరించడం, కాపు చూడటం ఒక దారి. వ్యవసాయ చదువు ఉండాలి. పులియబెట్టే చోట పని ఇంకొకటి. దానికి సైన్సు డిగ్రీ కావాలి. ప్రయోగశాలలో పరీక్షలు చేసే పనికి ఇంకా పెద్ద చదువు. పెద్ద హోటళ్లలో వడ్డించే పనికి ఇంగ్లీషు ధారాళంగా రావాలి. నేను ఒక్కొక్కటీ లెక్కలోంచి తీసేసుకుంటూ పోయాను. చివరికి మిగిలింది రుచి చూసి చెప్పే పని. మహారాష్ట్రలో ఒక తోట వాళ్ల శిక్షణ బడి ఉందనీ, వాళ్లకు డిగ్రీ అక్కర్లేదనీ, ముక్కూ నాలుకా ఉంటే చాలనీ, వాళ్ల పరీక్ష నెగ్గితే ఉచితంగా నేర్పి అక్కడే ఉద్యోగం ఇస్తారనీ చెప్పారు మేడమ్. ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది.

అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ కోసం ఆఫీసులు, బళ్లు, బస్సులు, బొగ్గు బావులు అన్నీ ఆగిపోయిన రోజులవి. రోడ్ల మీద వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. మా తరగతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారు. ఘనపూర్ అమ్మాయి పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు గూడ పోరాదే, గిక్కడ ఒక్కదానివి ఏం జేస్తవ్?" అంది. పోతే ఆ మూడు కంచాల ఇల్లు. నేను పోలేదు.

గదిలో నేనూ మేడమ్ మిగిలాం. నేను పొద్దున పెద్దమ్మ కూతుళ్లతో కలిసి చౌరస్తాలో కూర్చుని జై తెలంగాణ అని గొంతు బొంగురుపోయేదాకా అరిచేదాన్ని. ఉత్తినే అరవలేదు, మనస్ఫూర్తిగా అరిచాను. సినిమాల్లో మా మాటను వెక్కిరించినప్పుడల్లా లోపల మండిన మంటంతా ఆ అరుపులో ఉండేది. తర్వాత మెట్లెక్కి పైకి వచ్చి, బొంగురు గొంతుతోనే మేడమ్ ముందు కూర్చునేదాన్ని. ఆవిడ ఏమీ అనకుండా వేడినీళ్లలో ఉప్పు కలిపి ఇచ్చేవారు. పుక్కిలించి రా, పాఠం చెప్పుకుందాం అనేవారు. ఆ నీళ్లు పుక్కిలిస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఎవరి మీదో తెలియదు.

ఆ రోజుల్లో మేడమ్ బజారులో మాట్లాడటం మానేశారు. ఎవరూ ఆవిడను ఏమీ అనలేదు. ఒకసారి కూరగాయల ముసలమ్మ మాత్రం, "మీది ఏ ఊరమ్మా?" అని మామూలుగానే అడిగింది. ఆ మామూలు ప్రశ్నకే ఆవిడ భయపడ్డారు. ఆ తర్వాత వేలితో చూపించి, చిల్లర చేతిలో పెట్టి వచ్చేసేవారు. ఇంకొన్నాళ్లకు అదీ మానేసి నన్ను పంపేవారు. ఒక మధ్యాహ్నం మేమిద్దరం ఉల్లిగడ్డలు కోస్తుంటే, "'గిది ఎట్లిచ్చినవ్ అవ్వా' అనాలా?" అని అడిగారు. ఆ నోట ఆ మాట ఎంత వింతగా వినిపించిందంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక ఆ గది ఇంకా ఖాళీగా అనిపించింది. కిందికి దిగితే నాకు నా వాళ్లున్నారు, ఆవిడకు ఎవరూ లేరు. ఆ మాట తెలిసి కూడా ఏం చేయాలో తెలియని వయసు నాది.

మేడమ్ నా చేత దరఖాస్తు పెట్టించిన ఆ మహారాష్ట్ర తోట బడి నుంచి పరీక్షకు పిలుపు వచ్చిన రోజునే యజమాని పైకి వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. పిల్లలు లేరు, సమ్మె ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఈ కోర్సులో ఈ ఏడన్నా ఒక్కరికన్నా సీటొస్తే నడుపుతా, లేదంటే పైన గోదాం చేసుకుంటా అన్నాడు. ఆయన మెట్లు దిగిపోయాక మేడమ్ నా వైపు తిరిగి, "నువ్వు అవన్నీ మనసులో పెట్టుకోకు" అన్నారు. పెట్టుకోకు అన్నాక పెట్టుకోకుండా ఎలా ఉంటాను? ఆ పూట నుంచి నా సీటు నా ఒక్కదానిది కాకుండా పోయింది. నాకు రాకపోతే నేను మళ్లీ గడప మీది కంచానికి పోతాను. ఆవిడ ఎక్కడికి పోతారో నాకు తెలియదు.

రైళ్లు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగుతున్నాయి. ఒకరోజు ముందే బయల్దేరాను. మేడమ్ స్టేషన్ దాకా వచ్చి, మాట్లాడకుండా చెయ్యి ఊపి వెళ్లిపోయారు. బండి కాజీపేట దాటి బాగానే వచ్చింది. తీరా జనగామలో ఆగిపోయింది. పట్టాల మీద జనం. డప్పులు, జెండాలు, పట్టాల మధ్యలోనే పొయ్యి పెట్టి పెద్ద గంజులో అన్నం. ముందు వరసలో మోకులు భుజాన వేసుకుని గీత కార్మికులు. వాళ్లలో మా బాపు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. దేశంలో ఇన్ని ఊళ్లుండగా నా బండి మా ఊరి వాళ్ల చేతికే చిక్కాలా? దిగి కంకర మీద నడుచుకుంటూ పోయాను. బాపు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాపూ, రేపు నాకు పరీక్ష ఉన్నది. జర బండి ఇడువుమను" అన్నాను.

"నా ఒక్కని చేతిల ఉన్నదా బిడ్డా? గింతమంది కూసున్నరు. పొద్దు గూకకముందే ఇడుస్తరట, పరేషాన్ గాకు" అన్నాడు. నా ముఖం చూసి, "తిన్నవా?" అని అడిగాడు.

మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పుచారు వడ్డించుకుని తెచ్చి పెట్టాడు. అన్న పోయాక బాపు నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. ఇద్దరం పట్టా మీద పక్కపక్కన కూర్చుని తిన్నాం.

"ఏం నౌకరి బిడ్డా అది?" అని అడిగాడు.

"ద్రాక్ష కల్లు అనుకో బాపూ. తాగి, మంచిగున్నదా లేదా చెప్పాలె."

"గంతేనా?" అన్నాడు. ఆ ముఖంలో వెలుగొచ్చింది. "గది నీకు రాకపోవుడేంది? పో, మంచిగ చెప్పు."

తాగేది ఉమ్మెయ్యాలని మాత్రం చెప్పలేకపోయాను. చెప్పాలనే నోరు తెరిచాను. ఆయన వేళ్ల సందుల్లో పుండ్లు, మోకు ఒరుసుకున్న మడమలు చూసి ఆ మాట బయటికి రాలేదు. నిజంగానే పొద్దు గూకకముందు బండి వదిలారు. కిటికీలోంచి చూస్తే బాపు జనంలో నిలబడి చెయ్యి ఎత్తాడు. నాకు చెయ్యి ఊపాడో, జై కొట్టాడో తెలియలేదు.

తోట వాళ్ల బడి కొండ దిగువన ఉంది. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, బయట వరసల్లో ద్రాక్ష తీగలు. పరీక్షకు వచ్చినవాళ్లంతా పెద్ద నగరాల పిల్లలు. ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటున్నారు. నా వైపు చూసి ఒకమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను, అక్కడితో అయిపోయింది. అంతమందిలో కూర్చుని అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. గుడ్డ కట్టిన గ్లాసుల పరీక్ష ముందు పెట్టారు. అందులో ఒక్కటి కూడా తప్పలేదు. పరీక్ష పెట్టే పెద్దాయన, నెరిసిన గడ్డమాయన, నా దగ్గర ఆగి హిందీలో మెచ్చుకున్నాడు. సీటు వచ్చేసిందనే అనుకున్నాను.

తర్వాత ఆరు గ్లాసులు తెచ్చి ముందు పెట్టారు. పక్కన ఉమ్మడానికి స్టీలు గిన్నె. నా జన్మలో మొదటిసారి అసలు వైన్ చూడటం అదే. మొదటి గ్లాసు వంచి రంగు చూశాను, తిప్పాను, పీల్చాను. నోటి దాకా తెచ్చాను. అంతవరకూ మేడమ్ చెప్పినట్టే చేశాను. అప్పుడు నా చెయ్యి నన్నడక్కుండా ఒక పని చేసింది. వేలు గ్లాసులో ముంచి రెండు చుక్కలు నేల మీద చిలకరించింది.

మా ఇళ్లల్లో ఎవరూ కల్లు ఊరికే నోట్లో పోసుకోరు. తాటాకు రేకలో పోయగానే ముందు రెండు చుక్కలు భూమికి వెయ్యాలి. దేవతకూ, పోయినవాళ్లకూ అది. వాళ్లు తాగాక మిగిలిందే మనది. మానుకోటలో బీట్‌రూట్ నీళ్లకు నా చెయ్యి ఎప్పుడూ లేవలేదు, అవి నీళ్లు కాబట్టి. ఇది అసలుది. ముక్కుకు తగలగానే లోపల పులిసిన పండు వాసన, దాని కింద మా మండువా వాసన లేచాయి. ఇది తాగేదని నా చేతికి తెలిసిపోయింది. ఆ రెండు చుక్కలూ మా అన్నవి.

గుక్క నోట్లో ఉంది. గిన్నె పక్కన ఉంది. అన్నకు ఇచ్చి, అన్న మిగిల్చిన దాన్ని గిన్నెలో ఉమ్మనా? మింగాను. రెండో గ్లాసూ అంతే. మూడోదీ అంతే. చుట్టూ అందరూ వంగి వంగి ఉమ్ముతున్నారు. నాలుగో గ్లాసుకు చెవులు వేడెక్కాయి. అయిదో దానికి కిటికీలో ద్రాక్ష వరసలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగాయి. ఆరోది అయ్యేసరికి ప్రశ్నలు అడుగుతుంటే హిందీ పోయి, ఇంగ్లీషు పోయి, నా నోట జనగామ మాట ఒక్కటే వస్తోంది. "మంచిగున్నది సార్, జర వగరున్నది, గంతే" అంటున్నాను. నగరం పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి మజ్జిగ తాగించాడు, కాసేపు ఎండలో కూర్చోబెట్టాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. నీ ముక్కు బాగుంది, కానీ ఉమ్మలేనివాళ్లు ఈ పనిలో ఒక్క నెల కూడా బతకరు, ఇంకొక్క గ్లాసు ఇస్తాను, ఉమ్మి చూపించు, మిగిలింది నేను చూసుకుంటాను అన్నాడు. మంచివాడు. మంచివాడు కాకపోయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

గ్లాసు పట్టుకున్నాను. ఈసారి చుక్కలు వెయ్యొద్దు, వెయ్యకపోతే ఉమ్మొచ్చు అనుకున్నాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాను. మేడమ్ గుర్తొచ్చారు, గోదాం గుర్తొచ్చింది, ఇంటి గడప గుర్తొచ్చింది. ఒక్క గుక్క, ఒక్క ఉమ్ము, అంతే కదా. కానీ వెయ్యకుండా తాగడమంటే అన్నను బయట నిలబెట్టి తలుపు మూసినట్టే. మా ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తరు. వాడికంటూ ఈ లోకంలో మిగిలింది ఆ రెండు చుక్కలే. మణికట్టు వదిలేశాను. వేలు ముంచి చిలకరించి, ఆయన ముఖంలోకి చూస్తూ మింగాను. ఎందుకని ఆయన అడిగాడు. చెప్పడానికి నాకు ఏ భాషా చాలలేదు. అది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ తప్పు కాని పనికి కూడా మనిషి ఏడవగలదు. తిరుగు బండిలో సికింద్రాబాద్ దాకా ఏడుస్తూనే వచ్చాను.

తర్వాత జరిగినవి చెప్పాలంటే రెండు మాటలు. పైన ఎరువుల బస్తాలు పడ్డాయి. మేడమ్ తన గోదావరి వైపు వెళ్లిపోయారు, ఎక్కడున్నారో తెలియదు. రాష్ట్రం వచ్చింది, ఆ రోజు నేనూ గులాల్ చల్లుకున్నాను. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక అతిథిగృహం వంటశాల చూసుకుంటున్నాను. బొగ్గు పనుల మీద వచ్చే పెద్దవాళ్లకు భోజనాలు పెడతాను. మంచి పనే. సాయంత్రాలు మాత్రం పొడుగ్గా ఉంటాయి. కానీ నేను చెప్పాలనుకున్నది ఇదంతా కాదు, మానుకోటకు తిరిగి వచ్చిన సాయంత్రం గురించి.

మెట్లెక్కుతూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. మేడమ్ తలుపు తీసి నా ముఖం చూశారు. చెప్పడానికి ఏమీ మిగల్లేదని తెలిసింది. "ముందు అన్నం తిను" అన్నారు. పెరుగన్నం, మాగాయ పెట్టారు. నేను తింటున్నంతసేపూ ఎదురుగా మోకాళ్ల చుట్టూ చేతులు చుట్టుకుని కూర్చున్నారు. అన్నం ముద్ద మింగలేక మింగుతూ, చుక్కల సంగతీ, అన్న సంగతీ మొత్తం చెప్పేశాను. ఇప్పుడు తిడతారు, లేదా ఏడుస్తారు అని చూస్తున్నాను.

ఆవిడ నా కంచంలో ఇంకొంచెం పెరుగు వేశారు. తర్వాత నెమ్మదిగా, "ఎలా ఉంటుంది?" అన్నారు.

"ఏంది మేడమ్?"

"వైన్. అది ఎలా ఉంటుంది?"

నాకు అర్థం కాలేదు. మేడమ్‌కు తెలియనిదా? ఇన్నాళ్లూ ఆ రంగులు, ఆ వగర్లు, నోట్లో ఎటు తిప్పితే ఏం తెలుస్తుందో అన్నీ ఆవిడే కదా చెప్పింది.

"మా కాలేజీలో ఆ ప్రాక్టికల్ రోజున ఆడపిల్లల్ని బయటికి పంపేసేవాళ్లమ్మా. మాకు వేరే గదిలో రంగునీళ్లు. పుస్తకం చదివి, ఆ నీళ్లతో నేర్చుకున్నాను. తర్వాత దాన్నే మీకు చెప్పాను. కొనుక్కుని తాగి చూడొచ్చు కదా అంటావేమో. ఒంటరి ఆడదాన్ని, అద్దె గది. ధైర్యం చాలలేదు" అన్నారు. అంటూనే నవ్వబోయారు, రాలేదు.

ఆవిడ ఉద్యోగం పోయింది నా వల్ల. దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాను. మేడమ్ కళ్లు మూసుకున్నారు. మొదటి గ్లాసు దగ్గర మొదలుపెట్టాను. ఎండుగడ్డి రంగు మేడమ్, ముక్కుకు పచ్చి జామకాయ తగిలింది, నోట్లోకి పోగానే చల్లగా పులుపు, అది నాలుక పక్కల నుంచి వెనక్కు పోతది అని చెప్పాను. ఆవిడ నోరు మెల్లగా కదిలింది, లోపల ఏదో ఉన్నట్టు. రెండోది చెప్పాను, మూడోది చెప్పాను. ఎర్రవాటి దగ్గరకు వచ్చేసరికి మా నేరేడు గింజ సరిపోదు మేడమ్, ఆ వగరు మెత్తగ ఉంటది, పట్టుకొని ఇడువది అన్నాను. ఆరూ అయిపోయాయి. బయట చౌరస్తాలో ఎవరో డప్పు కొడుతున్నారు.

కళ్లు తెరవకుండానే మేడమ్, "మొదటిది మళ్లీ చెప్పమ్మా" అన్నారు.

మళ్లీ చెప్పాను.